వెనిస్ ఫోర్తునీ మ్యూజియం: వెలుతురు, బట్ట, ఉప్పునీరు

సంక్షిప్తంగా: ఇటలీలోని వెనిస్ నగరంలో పెసారో కుటుంబం 15వ శతాబ్దంలో కట్టుకున్న గోథిక్ భవనం ఇప్పుడు ఫోర్తునీ మ్యూజియం. స్పెయిన్‌లో పుట్టి వెనిస్‌లో స్థిరపడిన మరియానో ఫోర్తునీ (1871–1949) దాన్ని విడతలవారీగా కొని ఇల్లుగా, కార్ఖానాగా మార్చుకున్నారు. చిత్రలేఖనం, రంగస్థల దీపాలు, ఫోటోగ్రఫీ, వస్త్రాలు అన్నీ ఆయన పనులే. భార్య ఆన్రియెట్ 1956లో భవనాన్ని నగరానికి ఇచ్చారు. 1975లో అది మ్యూజియం అయింది. 2019 నవంబరు వరదలో దెబ్బతిని, 2022 మార్చిలో శాశ్వత ప్రదర్శనతో మళ్లీ తెరుచుకుంది.

## పేరు దగ్గరే తికమక

ఫోర్తునీ అన్న పేరు వెతికితే నలుగురు ఎదురవుతారు. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియం గోడల మీద కనిపించే ఫోర్తునీ తండ్రి. 19వ శతాబ్దపు స్పెయిన్‌లో గొప్ప పేరున్న చిత్రకారుడు, 1874లో 36 ఏళ్లకే రోమ్‌లో చనిపోయారు. పాత ఫ్యాషన్ దుస్తుల వేలం పాటల్లో వినిపించే ఫోర్తునీ, సన్నని మడతల పట్టు గౌను. వెనిస్‌లోని జుదెక్కా దీవిలో ఇప్పటికీ బట్ట అచ్చేసే ఫోర్తునీ ఒక కంపెనీ. నాలుగోది మ్యూజియం. కొడుకు పేరు కూడా మరియానోయే కావడంతో, తండ్రి బొమ్మ కింద కొడుకు పుట్టిన సంవత్సరం వేసిన వ్యాసాలూ కనిపిస్తుంటాయి.

భవనం సంగతీ అంతే. పలాజో అనగానే మనకు రాజప్రాసాదం గుర్తొస్తుంది. వెనిస్‌కు రాజు లేడు. అది వర్తక ప్రభువుల గణతంత్రం, ఎన్నికైన దోజ్ దాని అధిపతి. అచ్చమైన వెనిస్ మాటలో పలాజో అంటే దోజ్ ఉండే భవనం ఒక్కటే. మిగతావి ఎంత పెద్దవైనా ‘కా’, అంటే ఇల్లు. కాబట్టి ఈ మ్యూజియాన్ని ప్యాలెస్ అనడం వాడుక కోసమే. సరిగ్గా చెప్పాలంటే అది బాగా కలిగిన వర్తకుల ఇల్లు.

## గోదాము మీద కాపురం

వెనిస్ వర్తకుడి ఇంటికి ఒక లెక్క ఉంటుంది. కింది అంతస్తు సరుకు కోసం. పడవ నేరుగా కాలువ వైపు గుమ్మానికి వస్తుంది, మూటలు అక్కడే దిగుతాయి. పై అంతస్తు కుటుంబానికి. ఆ పై అంతస్తు మధ్యలో ముందు గోడ నుంచి వెనక గోడ దాకా ఒకే పొడవాటి హాలు ఉంటుంది. దాన్ని పోర్తెగో అంటారు. మన మండువా లోగిలిలో గదులన్నీ మండువా వైపు చూసినట్టు, అక్కడి గదులన్నీ పోర్తెగోలోకి తెరుచుకుంటాయి. మండువాకు వెలుతురు పైనుంచి పడుతుంది, పోర్తెగోకు రెండు కొసల నుంచి వస్తుంది. అందుకే ఆ కొసల్లో ఒకదాని పక్కన ఒకటిగా కోసుగా వంపు తిరిగిన కిటికీలు బారుగా పేరుస్తారు. నడిమి హాలుకు వెలుగు చేరే దారి మరొకటి లేదు. ఫోర్తునీ పని అర్థం కావాలంటే ఈ కొలతను గుర్తుంచుకోవాలి.

సాన్ బెనెతో అనే చిన్న కూడలి మీద పెసారో కుటుంబం ఈ ఇల్లు కట్టుకుంది. తర్వాత తరాల్లో అదే కుటుంబం గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఇంతకంటే ఆడంబరమైన పాలరాతి భవనం కట్టుకుంది. దాని పేరు కా పెసారో, అదీ నేడు మ్యూజియమే. పాత ఇల్లు అద్దెకు పోయింది. 18వ శతాబ్దం చివర్లో ఓర్ఫెయ్ అనే సంగీత సమాజం అందులో చేరింది. పలాజో పెసారో ఓర్ఫెయ్ అన్న జంట పేరు అలా వచ్చింది. గ్రీకు పురాణాల గాయకుడు ఓర్ఫియస్ పేరే ఆ సమాజానిది.

1797లో నెపోలియన్ దెబ్బకు వెనిస్ గణతంత్రం కూలింది. ప్రభువుల కుటుంబాల ఆదాయం పడిపోయింది. మేకుల్లా బురదలోకి దిగేసిన కర్ర దుంగల మీద నిలిచే ఇళ్లవి. ఇటుక గోడలు ఉప్పునీటిని పీల్చుకుంటాయి, మరమ్మతు ఏ ఏడూ ఆగదు. సొమ్ము లేని యజమాని ఎక్కడైనా చేసేదే ఇక్కడా జరిగింది. పెద్ద హాళ్లకు అడ్డుగోడలు లేచాయి, గదికో కుటుంబం, మూలకో చేతిపని కొట్టు. 19వ శతాబ్దం చివరికి పెసారో వారి ఇల్లు ఇరుకిరుకు అద్దె వాటాల పుట్ట. ఫోర్తునీ కంటపడిన స్థితి అది.

## ఒక మనిషికి ఇన్ని పనులేమిటి

1871లో గ్రనాడాలో పుట్టారు మరియానో. తల్లి సెసిలియా ద మద్రాజో వాళ్లింట్లో కూడా చిత్రకారులే. ఆమె తండ్రి ఫెదెరికో ప్రాదో మ్యూజియానికి డైరెక్టరుగా పనిచేశారు. తల్లికి పాత బట్టల సేకరణ పిచ్చి, తండ్రి విడిచిపోయిన సేకరణలో ఇస్లామిక్ లోహ పాత్రలు, ఆయుధాలు, తివాచీలు. పిల్లవాడు పెరిగింది వాటి మధ్యనే. కుటుంబం రోమ్ నుంచి పారిస్‌కు, 1889లో పారిస్ నుంచి వెనిస్‌కు మారింది. గుర్రాలంటే మరియానోకు ఎలర్జీ, ఊపిరి ఆడేది కాదని, గుర్రాలు తిరగని ఊరు కాబట్టే వెనిస్‌ను ఎంచుకున్నారని చెబుతుంటారు.

1892లో జర్మనీలోని బైరాయిట్ వెళ్లి జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీత నాటకాలు చూడటం ఆయన జీవితంలో మలుపు. సంగీతం, కవిత్వం, చిత్రం, నటన, కట్టడం వేర్వేరు కళలుగా కాక ఒకే కళగా కలవాలన్నది వాగ్నర్ సిద్ధాంతం. ఫోర్తునీ దాన్ని అక్షరాలా తీసుకున్నారు. అయితే ఆయన్ను ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అని ఒక్క మాటతో తేల్చేస్తే అసలు సంగతి జారిపోతుంది. ఆయన పనులన్నిటి కిందా ఒకే ప్రశ్న ఉంది: ఒక ఉపరితలం మీద వెలుగు పడితే ఏమవుతుంది? చిత్రకారుడికి ఆ ఉపరితలం కాన్వాసు, రంగస్థలానికి తెర, ఒంటికి పట్టు, ఇంటికి గోడ. దీపం, గౌను, ఫోటో కాగితం ఒకదాని నుంచి ఒకటి పుట్టాయి. 1901 మొదలు మూడు దశాబ్దాల్లో ఆయన తీసుకున్న పేటెంట్లు 20కి పైనే.

## ముడతలు పడని ఆకాశం

ఆ కాలపు రంగస్థలం కష్టం తెలుగు ప్రేక్షకులకు సులువుగానే తెలుస్తుంది. పాత నాటక సమాజాల తెరలు చూసినవారికి గుర్తుంటుంది: అడవి తెర, దర్బారు తెర, వీధి తెర. తెర వెనక ఎవరైనా నడిస్తే చాలు, ఆకాశం ఊగేది. ముందు వరస దీపాలు కింది నుంచి కొడితే రాజుగారి నీడ హిమాలయాల మీద పడేది. ఐరోపాలో గ్యాసు దీపాలు పోయి కరెంటు దీపాలు వచ్చాక ఈ బాధ ఇంకా ఎక్కువైంది. వెలుగు పెరిగేసరికి గీసిన తెర గీసిన తెరలాగే కనపడసాగింది.

ఎండ మన మీద సూటిగా మాత్రమే పడదు, ఆకాశం నుంచి, నేల నుంచి, గోడల నుంచి చెదిరి కూడా వస్తుంది. ఫోర్తునీ దీపాన్ని అలాగే తిప్పారు. ఆర్క్ దీపాన్ని నటుడి వైపు కాకుండా రంగురంగుల పట్టు గుడ్డల వైపు పెట్టారు. గుడ్డ మీద పడి తిరిగొచ్చిన మెత్తని వెలుగే రంగస్థలాన్ని చేరుతుంది. పట్టు పట్టీని జరిపితే వెలుగు రంగు మారుతుంది. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి తెర మార్చకుండానే వెళ్లొచ్చు.

దీనికి జోడు ఆయన గుమ్మటం. వేదిక వెనక, పైన పావు గోళంలా వంగిన తెల్లని ఉపరితలం. మూలలు ఉండవు కాబట్టి ఆకాశానికి అంతు కనపడదు. గుడ్డతో చేసిన గుమ్మటంలో రెండు పొరలు ఉండేవి. మధ్య గాలిని లాగేస్తే గుడ్డ బిగుసుకుని ముడత లేకుండా నిలిచేది. పని అయ్యాక బండి టాపులా మడిచేయొచ్చు. 1906లో పారిస్‌లో కౌంటెస్ ద బెయార్న్ సొంత థియేటరులోనూ, 1922లో మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా భవనంలోనూ ఈ పద్ధతి అమర్చారు.

మరి ఇవాళ ఏ థియేటరులోనూ ఫోర్తునీ దీపం ఎందుకు లేదు? గుడ్డ మీద కొట్టి తిప్పిన వెలుగులో చాలా భాగం గుడ్డే మింగేస్తుంది. కరెంటు ఖర్చు ఎక్కువ, అమరిక పెద్దది. ఈలోగా బలమైన బల్బులు వచ్చాయి. వాటి ముందు రంగు రేకు పెడితే చవగ్గా పని జరిగిపోతుంది. ఆలోచన మాత్రం పోలేదు. వేదిక వెనక వంపు తిరిగిన తెల్లతెర నేడు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఫోటో స్టూడియోలో గొడుగు లోపలికి ఫ్లాష్ కొట్టి వెలుగు మెత్తబరిచే పద్ధతికీ, 1907లో ఫోర్తునీ చేసిన మూడు కాళ్ల దీపానికీ పోలిక చూడగానే తెలుస్తుంది.

## తడిస్తే విడిపోయే మడత

ఇదే కౌంటెస్ థియేటరు ప్రారంభంలో నర్తకులు కప్పుకున్న అచ్చుపట్టు వల్లెలతో ఆయన వస్త్రాల్లోకి వచ్చారు. ఆ వల్లెలకు క్రీట్ దీవిలో అప్పుడే తవ్వకాల్లో బయటపడ్డ నోసస్ నగరం పేరు పెట్టారు. ఆ వెంటనే, 1907 ప్రాంతంలో, డెల్ఫోస్ గౌను వచ్చింది. గ్రీసులోని డెల్ఫీలో 1896లో దొరికిన కంచు రథసారథి విగ్రహమే దానికి మూలం. భుజం నుంచి పాదం దాకా నిలువు మడతలే. లోపల బిగించే కార్సెట్ లేదు. ఆ రోజుల్లో ఐరోపా స్త్రీలకు అది ఇంట్లో ఆప్తుల ఎదుట తప్ప కట్టలేని దుస్తు అనిపించింది. నర్తకి ఇసడోరా డంకన్, నటి ఎలియోనోరా దూసే వంటివారు కట్టాక దాని దారి మారింది.

పట్టుకు మడత ఎలా నిలుస్తుందన్నది ఇక్కడి అసలు చిక్కు. పాలియెస్టర్ వేడికి మెత్తబడి, చల్లారాక ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే 1990లలో తెచ్చిన మడతల దుస్తులు ఈ గుణం మీదే ఆధారపడ్డాయి. వాషింగ్ మెషీన్‌లో వేసినా వాటి మడత చెదరదు. పట్టుకు ఆ గుణం లేదు. తడిపి, నొక్కి, ఆరబెడితే మడత నిలుస్తుంది, మళ్లీ తడిస్తే విడిపోతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కుచ్చిళ్లు వానలో ఏమవుతాయో తెలిసినవారికి ఇది వివరించక్కర్లేదు.

1909 పేటెంటు బొమ్మల్లో వేడెక్కించే గొట్టాల వరసలు, వాటి మధ్య నుంచి సాగే బట్ట కనిపిస్తాయి. ఆ వేడి మడతలకు అడ్డంగా చిన్న అలలు తెచ్చేదని అంచనా. ఒకదానితో ఒకటి సరిపోలని ఆ సన్నటి నిలువు మడతలను మాత్రం తడిబట్ట మీద చేత్తోనే పెట్టి ఉంటారని పరిశీలకులు అంటారు. పూర్తి పద్ధతిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. అంచుల వెంట మురానో గాజు పూసలు దారానికి గుచ్చి కుట్టేవారు. అవి అందానికే కాదు, తేలికైన పట్టును కిందికి లాగి ఒంటికి అంటించే బరువు కూడా. గౌను తడిసినా మడత పోయినా కొన్నావిడ దాన్ని వెనిస్‌కు తిరిగి పంపేది, అక్కడ మళ్లీ మడతలు పెట్టి ఇచ్చేవారు.

ఆ పేటెంటు కాగితం మీద ఫోర్తునీ తన చేతిరాతతో ఒక మాట చేర్చారు. దీన్ని కనిపెట్టింది ఆన్రియెట్ అని, త్వరగా దాఖలు చేయాల్సి వచ్చి తన పేరున తీసుకున్నానని. ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రియెట్ నిగ్రిన్ 1902లో పారిస్ విడిచి వెనిస్ వచ్చారు, 1924లో వారికి పెళ్లయింది. రంగులద్దకం, కుట్టు పని, పనివాళ్ల అజమాయిషీ ఆమె చేతిలో ఉండేవి. ఆ మాట కాగితం మీదే ఉన్నా, గౌను మీద పేరు మాత్రం దశాబ్దాల పాటు ఆయనదిగానే సాగింది. మ్యూజియాలు ఆమె పేరును కూడా చేర్చడం ఈమధ్యే ఎక్కువైంది. ఆలస్యమే, అయినా తప్పనిసరి దిద్దుబాటు.

## జరీ లేని జరీ

ఫోర్తునీ రెండో రకం బట్ట అచ్చు మఖమల్, అచ్చు నూలు. దూరం నుంచి చూస్తే 15వ శతాబ్దపు బంగారు జరీ నేతలా ఉంటుంది. దగ్గరికెళితే నేసిన పోగు ఒక్కటీ ఉండదు, లోహపు పొడి కలిపిన రంగు పొరలు తప్ప. అచ్చు దిమ్మెలు, కత్తిరింపు అచ్చులు, చేతి కుంచె అన్నీ వాడి, రంగు అక్కడక్కడా అరిగినట్టు వదిలేసేవారు. కొత్త బట్టకు పాత బట్ట రూపు రావాలన్నదే ఉద్దేశం.

పెడన, మచిలీపట్నం అద్దకం చూసినవారికి ఇందులో తేడా ఇట్టే తెలుస్తుంది. అక్కడ బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటిక అద్దిన చోట ఎరుపు, ఇనుప నీరు అద్దిన చోట నలుపు పట్టేలా ఉడకబెడతారు. రంగు పోగులోకి దిగుతుంది. ఫోర్తునీ లోహపు రంగు పోగు మీద కూర్చుంటుంది. వెలుగు తగలగానే అది మెరవాలి కాబట్టి లోపలికి దిగితే పని చెడుతుంది. ఒకచోట ఉతుకుకు నిలవడం గొప్ప, ఇంకోచోట దీపం కింద మెరవడం గొప్ప.

మొదట్లో ఈ పనంతా భవనంలోనే సాగేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నూలు మీద అచ్చు పెద్ద ఎత్తున వేయడానికి జుదెక్కా దీవిలో, స్తుక్కీ పిండిమర పక్కన ఫ్యాక్టరీ పెట్టారు. 1949లో ఫోర్తునీ చనిపోయాక అది అమెరికన్ డెకరేటర్ ఎల్సీ మెక్నీల్ లీ చేతికి వెళ్లింది. అప్పటికి రెండు దశాబ్దాలుగా న్యూయార్క్‌లో ఆ బట్టలు అమ్మింది ఆమే. ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది, యంత్రాలున్న చోటికి బయటివారిని రానివ్వరు. డెల్ఫోస్ తయారీని మాత్రం ఆన్రియెట్ ఆపేశారు. ఒకే పేరు మీద రెండు వారసత్వాలు, ఒకటి వ్యాపారంగా, ఒకటి మ్యూజియంగా చీలింది ఇక్కడే.

## రాసిచ్చినంత సులువు కాదు

ఫోర్తునీ ఈ ఇంటి పై వాటాలో స్టూడియో తీసుకున్నది 1890ల చివర్లో. తర్వాత ఒక్కో వాటా కొంటూ, అడ్డుగోడలు పడగొడుతూ పోర్తెగోను మళ్లీ దాని పాత పొడవుకు తెచ్చారు. కూల్చిన గోడల స్థానంలో తన బట్టలే వేలాడదీశారు. గదిని విడదీసేదీ, దీపం వెలుగును తిప్పికొట్టేదీ, కొనేవారికి నమూనాగా పనికొచ్చేదీ ఆ బట్టే. ఒక గది గోడల నిండా తోట గీశారు. శీతాకాలపు తోట అని దాని పేరు, ఏళ్ల తరబడి గీస్తూనే ఉన్నారు.

1956లో ఆన్రియెట్ భవనాన్ని నగరానికి ఇచ్చారు. 1965లో ఆమె మరణించాక అది పూర్తిగా నగరం చేతికి వచ్చింది, 1975లో మ్యూజియం అయింది. ఆ తర్వాత కూడా చాలాకాలం తాత్కాలిక ప్రదర్శన ఏదైనా ఉంటేనే తలుపులు తెరిచేవారు. వెనిస్‌కు వెళ్లి మూసిన తలుపు చూసి తిరిగొచ్చిన యాత్రికులకు అసలు కారణం ఇదే.

2019 నవంబరు 12 రాత్రి సముద్రపు పోటు 187 సెంటీమీటర్లకు చేరింది. 1966 నాటి 194 తర్వాత నమోదైన అతి పెద్ద పోటు అదే. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. వీధిలో మనిషి లోతు నీళ్లు నిలిచాయని కాదు. పాత కొలమానపు సున్నా గీత నుంచి నీటి మట్టం అది. సాన్ మార్కో కూడలి లాంటి పల్లపు చోట్ల 80 దాటగానే నీరు చేరుతుంది, ఎత్తు వీధుల్లో ఇంకా చాలా పెరిగితే గానీ రాదు. ఫోర్తునీ భవనం కింది అంతస్తు ఆ రాత్రి మునిగింది. పాత వర్తకుల లెక్క ప్రకారం కింద ఉండాల్సింది మూటలు. మ్యూజియానికి కింద ఉండేది ప్రవేశం, కరెంటు, యంత్రాలు. నీరు తీసేస్తే పని అయిపోదు. ఇటుకలోకి ఎక్కిన ఉప్పు ఆరేకొద్దీ స్ఫటికాలుగా పెరిగి గోడను లోపలి నుంచి పొడి చేస్తుంది.

సముద్ర ముఖద్వారాల దగ్గర నీటిని ఆపే ‘మోసే’ అనే పేరున్న గేట్లు తొలిసారి నిజమైన పోటుకు అడ్డంగా లేచింది 2020 అక్టోబరు 3న, అంటే ఈ నష్టం జరిగిన పదకొండు నెలలకు. మ్యూజియం 2022 మార్చిలో తెరుచుకుంది, ఈసారి శాశ్వత ప్రదర్శనతో. గదుల అమరికలో పాలుపంచుకున్నది ఒపేరా రంగస్థల రూపకర్త పియెర్ లుయిజీ పిజ్జీ. రంగస్థలం మనిషి ఇంటిని రంగస్థలం మనిషే సర్దడం సరైన ఎంపిక. అద్దాల పెట్టెల వరసలు కాకుండా చిత్రం, బట్ట, దీపం, గుమ్మటం నమూనా అన్నీ ఒకే గదిలో కలిసి కనిపిస్తాయి.

## ఇది ఏ జాతి మ్యూజియం?

హైదరాబాద్‌తో పోలిస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీ భవనంలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి మారింది. అది సేకర్త కూడబెట్టిన నిధి కాబట్టి ఇల్లు మారినా దాని విలువ తగ్గలేదు. చౌమహల్లాలో భవనమే చూడాల్సిన వస్తువు. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో చూడాల్సింది బొమ్మలు, గోడలు నిమిత్తమాత్రం. ఫోర్తునీ మ్యూజియం ఈ మూడింటికీ చెందదు. బట్టలను వేరే భవనానికి మారిస్తే వాటిని ఏ వెలుగు కోసం అచ్చేశారో ఆ వెలుగు పోతుంది. భవనాన్ని ఖాళీ చేస్తే మరో గోథిక్ ఇల్లు మిగులుతుంది, వెనిస్‌లో అలాంటివి చాలానే ఉన్నాయి.

అందుకే దాని నిర్వహణ కష్టం. పాత పట్టు మీద పడే వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటకూడదన్నది మ్యూజియాలు పాటించే లెక్క. చదువుకునే బల్ల మీద ఉండాల్సిన వెలుగులో అది ఆరో వంతో, అంతకన్నా తక్కువో. వెలుగు చేసే నష్టం రోజురోజుకూ కూడుతుంది, చీకట్లో పెట్టినా పాత నష్టం తగ్గదు. ఫోర్తునీ బట్ట మెరవాలంటే వెలుగు కావాలి, బతకాలంటే వెలుగు ఉండకూడదు. కిటికీలు మూస్తే వర్తకుల ఇంటి నడిమి హాలు సొరంగమవుతుంది. తెరలతో వడగట్టి, దీపాలు తగ్గించి, బట్టలను వంతులవారీగా బయటికి తెస్తూ నెట్టుకురావడం తప్ప దీనికి పూర్తి పరిష్కారం లేదు.

గౌనుల సంగతి ఇంకా చిక్కు. మడత విడిపోతే తిరిగి పంపడానికి ఇప్పుడు ఆ కార్ఖానా లేదు. తడి తగలనివ్వకూడదు. బొమ్మకు తొడిగి ఎక్కువ కాలం నిలబెడితే ఒకప్పుడు అందాన్నిచ్చిన గాజు పూసల బరువే నూరేళ్ల పట్టును కిందికి లాగి చింపుతుంది. ఆ రోజుల్లో దుకాణం వాళ్లు డెల్ఫోస్‌ను మడత పెట్టేవారు కాదు, హ్యాంగరుకు వేసేవారు కాదు. తడిబట్ట పిండినట్టు నిలువునా మెలిపెట్టి, చుట్టగా చుట్టి, చిన్న గుండ్రటి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేవారు. మడత సడలకుండా అలా చుట్టారు. ఆ పెట్టెలోనే ఉండిపోయిన గౌనుల మడతలు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.